పై ఊరి వంటిల్లు

2023 అక్టోబర్ 8, ఆదివారం, జాగ్రెబ్

1896లో సరిగ్గా ఈ తేదీనే ఈ ఊళ్లో మొదటిసారి సినిమా ఆడింది. ‘కొలో’ అనే గాయక సంఘం హాల్లో తెర కట్టారు. పారిస్‌లో ల్యూమియేర్ సోదరులు టికెట్టు పెట్టి బొమ్మ చూపించి అప్పటికి ఏడాది కూడా తిరగలేదు. బొంబాయి వాట్సన్ హోటల్లో అదే ఏడు జులైలోనే ఆట పడింది. ఆ లెక్కన మనవాళ్లే మూడు నెలలు ముందు. రాత్రి భోజనాల దగ్గర ఈ మాట చెబితే అల్లుడు తెగ సంబరపడ్డాడు.

1917లో ఇక్కడ మొదటి కథాచిత్రం తీశారు. ‘బ్రత్స్కో ఊ జాగ్రెబు’ దాని పేరు. పేరులోనే ఊరుంది, సినిమా మాత్రం లేదు. ఒక్క ప్రతి కూడా మిగల్లేదు. క్రొయేషియాలో ఫిల్ములు దాచడానికంటూ ఒక భాండాగారం ఏర్పడింది 1979లో. మన సంగతీ ఇంతకన్నా మెరుగు కాదు. 1921 నాటి ‘భీష్మ ప్రతిజ్ఞ’ను ఇవాళ చూద్దామన్నా దొరకదు.

కిటికీలోంచి చూస్తే వీధి నిటారుగా పైకి పోతూ కనిపిస్తుంది. ఆ మలుపు దాటితే పదమూడో శతాబ్దపు ఊరు. రాయి ఎనిమిది వందల ఏళ్లు నిలబడింది, ఫిల్ము వందేళ్లు నిలవలేదు. కానీ రాయి ఆ ఊళ్లో జనం ఎలా బతికారో చెప్పదు. ముప్పై ఏళ్లు కాలేజీలో కాకతీయుల చరిత్ర చెప్పిన దాన్ని, శాసనాల్లో వంటింటి సంగతి ఎక్కడా లేదని నాకు బాగా తెలుసు. ఈ పుస్తకంలో ఇక మీద రాసుకునేదంతా ఆ వెతుకులాటే.

అక్టోబర్ 11, బుధవారం

జాగ్రెబ్ నిజానికి రెండు గుట్టల మీది రెండు ఊళ్లు. ఒక గుట్ట మీద బిషప్పుగారి కాప్తోల్. ఇంకో గుట్ట మీద వర్తకులు, చేతిపనివాళ్లు ఉండే గ్రాదెత్స్. మధ్యలో మెద్వెష్చాక్ వాగు. వాగును ఎప్పుడో కప్పేశారు, ఇప్పుడది కాఫీ బల్లలు వేసిన త్కాల్చిచేవా వీధి. ఆ వీధికీ మేముంటున్న రాదిచేవా వీధికీ మధ్య ఒక చిన్న సందు ఉంది, దాని పేరు నెత్తుటి వంతెన. రెండు ఊళ్లవాళ్లూ అక్కడ కొట్టుకునేవాళ్లట. 1850లో గానీ రెండూ ఒక ఊరు కాలేదు. గ్రాదెత్స్‌ను ఇప్పుడందరూ గోర్ని గ్రాద్ అంటారు, పై ఊరు.

పొద్దున నడిచే ఎక్కాను. కింద ఇలిత్సా వీధి దగ్గర్నుంచి 66 మీటర్ల పట్టాల మీద 1890 నుంచి నడుస్తున్న, తాడుతో లాగే బండి ఉంది. ఎక్కి కూర్చుంటే నిమిషంలో పైన దింపుతుంది. కానీ రాతి ద్వారం గుండా పోవాలని నా పట్టు. కోట ద్వారాల్లో మిగిలింది ఇదొక్కటే. 1731లో ఊరు తగలబడినప్పుడు ఇక్కడ మరియమ్మ పటం ఒక్కటి కాలకుండా నిలిచిందని చెబుతారు. ద్వారం లోపలే గుడి కట్టారు. ఆఫీసుకు పోతున్న అమ్మాయి ఒకతి చప్పున ఆగి, కొవ్వొత్తి వెలిగించి, రెండు క్షణాలు నిలబడి మళ్లీ పరుగెత్తింది. గోడ నిండా మొక్కు తీరినవాళ్లు పెట్టించిన కృతజ్ఞతా ఫలకాలు.

పైన సెయింట్ మార్క్ గుడి. అందరూ ఫొటో తీసుకునే ఆ రంగుల పెంకుల కప్పు మధ్యయుగానిది కాదు, 1880 నాటిది. ఒక పక్క క్రొయేషియా, దల్మేషియా, స్లవోనియాల చిహ్నం, ఇంకో పక్క జాగ్రెబ్ ఊరి చిహ్నం. గుడికి అటూ ఇటూ పార్లమెంటు, ప్రభుత్వ భవనం. పన్నెండింటికి లోత్రష్చాక్ బురుజు మీంచి ఫిరంగి పేలింది. 1877 జనవరి 1న మొదలుపెట్టిన అలవాటు. పక్కనున్న పర్యాటకులు ఉలిక్కిపడ్డారు. పోస్టు పంచుతున్న అతను మాత్రం గడియారం చూసి ముల్లు సరిచేసుకున్నాడు. నాకు ఆ గుళ్లన్నిటికన్నా అతనే నచ్చాడు.

ఒకటి గమనించాను. వీధి పొడవునా ఆఫీసులు, మ్యూజియాలు, రాయబార కార్యాలయాలు. తీగ మీద ఆరేసిన బట్టలు కనిపిస్తాయేమోనని తిరిగి తిరిగి చూశాను. ఒక్క లోగిలిలో కనిపించాయి.

అక్టోబర్ 14, శనివారం

ఇవాళ మేముంటున్న ఇంటి ఓనరమ్మ మమ్మల్ని కిందికి పిలిచింది. డెబ్బై దాటిన మనిషి, పుట్టింది ఈ గుట్ట మీదే. నేను పాత సినిమాల గురించి అడుగుతున్నానని బిడ్డ చెప్పిందట. ‘అయితే ఆవిడ ఈ ఒక్కటి చూడకుండా ఇండియా పోవడానికి వీల్లేదు’ అందట. టీవీలో పెట్టిన సినిమా ‘త్కో ప్యేవా జ్లో నే మిస్లి’. పాడేవాడి మనసులో పాపం ఉండదని ఆ సామెతకు భావం. 1970లో క్రెషో గోలిక్ తీశాడు.

కథ చిటికెడు. 1935 నాటి జాగ్రెబ్. పై ఊళ్లో షఫ్రానెక్ కుటుంబం. మొగుడు ఫ్రాన్యో, పెళ్లాం ఆనా, పిల్లాడు పెరిత్సా, పెళ్లికాని మీనా పిన్ని. ఆదివారం షికారులో ఫులిర్ అనే సోకుల బ్రహ్మచారి తగులుతాడు. ఆనా చుట్టూ తిరుగుతాడు. మొగుడేమో, మన మీనాకు సంబంధం కుదిరిందిరా భగవంతుడా అని అతన్ని ఇంటికి పిలిచి విందులు పెడతాడు. చివరికి ఫులిర్ నిజంగానే మీనా పిన్ని మెడకే చిక్కుకుంటాడు. మధ్యలో అందరూ పాడతారు. తాగితే పాడతారు, తినడానికి ముందు పాడతారు, పోట్లాడుకున్నాక పాడతారు. ఆనాగా వేసిన మిరియానా బొహనెత్స్ నిజానికి ఒపేరా గాయని. ఫులిర్ రెల్యా బాషిచ్, ఫ్రాన్యో వేషం ఫ్రాన్యో మాయెతిచ్, మీనా పిన్ని మియా ఒరెమోవిచ్.

ఇదంతా చెప్పేది పెరిత్సా. వ్యెకోస్లావ్ మాయెర్ రాసిన, చిన్న పెరిత్సా డైరీ అనే కథ దీనికి మూలం. పిల్లాడికి అర్థం కానిది మనకు అర్థమవుతుంది, నవ్వంతా అక్కడే ఉంది. అయితే నన్ను పట్టి కూర్చోబెట్టింది అది కాదు. పిల్లాడి ఎత్తు నుంచి చూస్తే ఊరు వేరుగా ఉంటుంది. గుడి గోపురం వాడి లెక్కలో లేదు. బల్ల మీద ఏం పెట్టారు, పెద్దవాళ్లు గొంతు ఎందుకు తగ్గించారు, లోగిట్లో ఏ తలుపు తీశారు, ఎవరు మెట్లెక్కి వస్తున్నారు, ఇవీ వాడి లెక్కలు. మధ్యయుగపు గుట్ట మీద ఒక గుమస్తా సంసారం ఎలా సాగిందో అంత దగ్గరగా నేనెక్కడా చదవలేదు. లోగిలి చుట్టూ పొడుగాటి వసారా, దాని మీదికి తెరుచుకునే తలుపులు, అందరికీ అందరి సంగతులూ తెలిసిపోవడం. పిన్నికి పెళ్లి కాలేదన్న బాధ ఇంటిల్లిపాదిదీ కావడం. ఇక్కడే నేనూ బిడ్డా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మా ఇంట్లోనూ ఒక మీనా పిన్ని ఉండేది.

ఓనరమ్మ సినిమా మొత్తం నోటికి చెప్పేసింది. నటులకన్నా అర క్షణం ముందే మాట అనేస్తోంది. ఒకచోట ఆపి, ‘ఇది బడిలో నేర్పే భాష కాదు, మా అమ్మ మాట్లాడిన భాష’ అంది. సగం జర్మన్ మాటలు కలిసిన జాగ్రెబ్ ఇంటి యాస. ఆస్ట్రియా చక్రవర్తుల కాలం నుంచి వంటింట్లో స్థిరపడిపోయిన మాటలు. ఆమె మనవలు ఇప్పుడలా మాట్లాడరట. వాళ్లకు ఆ మాటలన్నీ ఈ సినిమా వల్లే తెలుసట.

1999లో విమర్శకులు ఓట్లు వేసి, క్రొయేషియా సినిమాలన్నిట్లో ఇదే ఉత్తమమన్నారు. 2020లో మళ్లీ వేస్తే నికోలా తాన్‌హొఫెర్ తీసిన ‘హా-ఓసమ్’ (1958) పైకి వెళ్లింది. ఎదురొచ్చిన బస్సూ లారీ గుద్దుకునే కథ అది, గొప్పగా తీశాడంటారు. ఓనరమ్మకు ఆ తీర్పు అసలు నచ్చలేదు.

అక్టోబర్ 15, ఆదివారం

సినిమాలో వాళ్లు షికారు పోయిన సమోబోర్‌కు మేమూ పోయాం. వాళ్లు ‘సమోబోర్‌చెక్’ అనే చిన్న పట్టాల రైల్లో పోతారు. మేము బస్సులో పోయాం. 1901లో మొదలైన ఆ రైలు 1979 చివర్లో ఆగిపోయింది. గోలిక్ షూటింగు నాటికి ఇంకా నడుస్తూనే ఉంది కనుక ఆయనకది చరిత్ర కాదు, అప్పటికి దొరికే బండి. తొమ్మిదేళ్లు గడిచేసరికి ఆ దృశ్యమే జ్ఞాపకంగా మారిపోయింది. సినిమా ఏం దాచాలనుకుంటుందో అదొక్కటే దాచదు. కెమెరా ముందు ఆ పూట ఏముంటే అదంతా లోపలికి పోతుంది.

సమోబోర్‌లో క్రెమ్‌ష్నితా తిన్నాం. రెండు పొరల మధ్య వణికే మీగడలాంటి కస్టర్డు. గుడ్లు పడతాయని ముందే చెప్పారు. తినేశాను.

అక్టోబర్ 19, గురువారం

గోలిక్‌ను వదలబుద్ధి కావడం లేదు. 1922లో ఫూజినెలో పుట్టాడు. 1950లో ‘ప్లావి 9’ అనే ఫుట్‌బాల్ వినోదచిత్రంతో జనానికి దగ్గరయ్యాడు. ఆ తర్వాత, యుద్ధకాలంలో అప్పటి ఫాసిస్టు ప్రభుత్వం కింద పత్రికల్లో రాసిన రాతలు బయటపడి, ఏళ్ల తరబడి దర్శకత్వానికి దూరమయ్యాడు. ఇతరుల సినిమాలకు సహాయకుడిగా పనిచేశాడు. తిరిగి నిలదొక్కుకునేసరికి నలభై దాటాయి. జాగ్రెబ్ మీద ఇంత ప్రేమగా సినిమా తీసినవాడు ఆ ఊళ్లోనే అంతకాలం పక్కన నిలబడి ఇంకొకరి కెమెరా చూస్తూ ఉన్నాడన్నమాట. 1996లో పోయాడు.

ఇవాళ మధ్యాహ్నం ఆయన తీసిన ‘ఓద్ 3 దో 22’ చూశాను. 1966 నాటి చిన్న డాక్యుమెంటరీ, పావుగంట కూడా ఉండదు. ఒక బట్టల ఫ్యాక్టరీ కార్మికురాలు తెల్లవారుజామున మూడింటికి లేచినప్పటి నుంచి రాత్రి పదింటికి పడుకునేదాకా. అంతే. వ్యాఖ్యానం లేదు. చీకట్లో లేవడం, పొయ్యి రాజేయడం, బిడ్డ, దారి, ఫ్యాక్టరీ, మళ్లీ దారి, మళ్లీ పొయ్యి, మళ్లీ బిడ్డ. ఆమె ఎక్కడా ఏడవదు, ఎవరికీ ఏమీ చెప్పుకోదు. గోలిక్ కూడా ఆమె తరఫున ఒక్క మాట మాట్లాడడు. చూస్తూ ఉంటాడు. పక్కింటి ఆమెను చూసినట్టు చూస్తాడు.

అయిపోయాక లేచి వంటింట్లోకి పోయి నిలబడ్డాను. మా అమ్మ గుర్తొచ్చింది. బాయిలర్‌కు బొగ్గులు వేస్తూ, ఒక చేత్తో నా జడ అల్లుతూ. ఆమె రోజును కూడా ఎవరైనా ఇలా తీసి పెట్టి ఉంటే ఎంత బాగుండేది!

నాలుగేళ్ల తర్వాత అదే మనిషి ఆనా వంటింటికి వచ్చాడు. అక్కడ విందు, పాట, సరసం. కానీ ఈ పావుగంట చూశాక ఆ విందు దృశ్యాలు మళ్లీ పెట్టుకు చూస్తే, వడ్డిస్తున్నది ఎవరు, లేచి తిరుగుతున్నది ఎవరు అనేదే నా కంటికి ముందు కనబడింది. మొగుళ్లు కూర్చునే ఉన్నారు. గోలిక్ దాన్ని ఎత్తిచూపడు, దాచనూ దాచడు. సోషలిస్టు యుగోస్లావియాలో కూర్చుని, చిన్న ఉద్యోగుల పాత సంసారాన్ని వెక్కిరించకుండా, పూజించకుండా తీయడం మాటలు కాదు.

అక్టోబర్ 27, శుక్రవారం

అల్లుడి స్నేహితులు నలుగురు దుబ్రోవ్నిక్ పోయి వచ్చారు. ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’లో రాజధానిగా చూపించిన చోట్లన్నీ తిప్పే టూరు ఎక్కారట. ఏ మెట్ల మీద ఎవరు నడిచారో, ఏ బురుజు మీద యుద్ధం జరిగిందో పూసగుచ్చినట్టు చెప్పారు. ఆ గోడల పొడవు 1,940 మీటర్లు. 1667 భూకంపంలో ఊరు కూలింది, మళ్లీ కట్టుకుంది. 1991 డిసెంబర్ 6న ఆ గోడల మీద గుండ్లు కురిశాయి. ఇవేవీ వాళ్ల మాటల్లో రాలేదు. వాళ్లది తప్పని కాదు. వాళ్లకు చెప్పిన గైడు ఆ ఊరికి పెట్టిన వేరే పేరుతో చెప్పాడు.

ఇంతకుముందూ ఇలా జరిగింది. 1962లో ఆర్సన్ వెల్స్ కాఫ్కా ‘ట్రయల్’ తీయడానికి జాగ్రెబ్ వచ్చాడు. వందలాది బల్లల మీద గుమస్తాలు టైపు కొడుతూ ఉండే ఆ ఆఫీసు దృశ్యం ఇక్కడి ఎగ్జిబిషన్ మైదానపు హాల్లో తీసిందే. మహాదృశ్యం, కాదనను. ఆ సినిమాలో జాగ్రెబ్ పేరు ఉండదు. మన హిందీవాళ్లు ‘ఫ్యాన్’ (2016) కోసం షారుఖ్‌ను దుబ్రోవ్నిక్ కప్పుల మీద పరుగెత్తించారు. ఊరు అద్దెకు ఇవ్వడం కూడా ఒక బతుకుతెరువే. దాని వల్ల డబ్బు వస్తుంది, డబ్బుతో గోడలు బాగవుతాయి.

అయితే అద్దెకు వచ్చినవాడు ఎప్పుడూ గోడనే చూస్తాడు. ఎంత పాతగా ఉంది, ఎంత ఎత్తుగా ఉంది, ఖడ్గం పట్టుకున్నవాణ్ని దాని ముందు నిలబెడితే ఎలా ఉంటుంది అని. ఇంటివాడు తీసినప్పుడు గోడ వెనక్కి వెళ్తాడు. బ్రాంకో బావెర్ 1956లో ‘నే ఒక్రెచి సే సినే’ తీశాడు. యుద్ధకాలంలో యాసెనోవత్స్ నిర్బంధ క్యాంపుకు తీసుకుపోతున్న రైల్లోంచి తప్పించుకున్న తండ్రి, జాగ్రెబ్‌కు తిరిగొచ్చి తన కొడుకు కోసం వెతుకుతాడు. పిల్లాడేమో ఫాసిస్టుల హాస్టల్లో వాళ్ల మనిషిగా తయారవుతున్నాడు. ఆ సినిమాలో పరిచయమున్న ప్రతి వీధీ ప్రమాదమే, ఎందుకంటే గుర్తుపట్టేవాళ్లు ఉంటారు. సొంత ఊరు ఎంత భయపెట్టగలదో బయటివాడు తీయలేడు. బిడ్డ మధ్యలో లేచి వెళ్లిపోయింది, నేను చివరిదాకా చూశాను.

అక్టోబర్ 31, మంగళవారం

పై ఊళ్లో గ్యాసు దీపాలు. 1863 నుంచి. రెండు వందలకు పైగా స్తంభాలు, వీధి వీధీ తిరిగి వెలిగించే మనుషులు ఇప్పటికీ ఉన్నారు. సాయంత్రం ఒకతను పొడుగాటి కర్రతో పోతుంటే వెనకాలే కాసేపు నడిచాను. చిన్నప్పుడు చూసిన మునిసిపాలిటీ లాంతర్ల మనిషిని గుర్తుచేశాడు. కింద చలికి చెస్ట్‌నట్ కాయలు కాలుస్తున్నారు. కొని తిన్నాం.

నవంబర్ 9, గురువారం

1880లో ఇదే రోజు జాగ్రెబ్‌లో పెద్ద భూకంపం వచ్చింది. దెబ్బతిన్న ప్రధాన చర్చిని హెర్మన్ బొల్లే కొత్తగా తీర్చిదిద్దాడు, 108 మీటర్ల జంట శిఖరాలతో. ఇవాళ చూస్తే ఆ శిఖరాల చుట్టూ పరంజా. తలుపులు మూసే ఉన్నాయి. 2020 మార్చి 22 భూకంపంలో దక్షిణ శిఖరం కొన విరిగిపడింది. ఉత్తరపు కొన కూడా వదులైందని తర్వాతి నెలలో తామే పేల్చి దించేశారు.

ఆ పొద్దు సంగతి ఓనరమ్మ చెప్పింది. ఆదివారం, ఉదయం 6:24. తీవ్రత 5.5. కరోనాకు ఊరంతా అప్పుడే మూతపడింది. ఇంట్లోంచి రావద్దని రేడియో చెబుతోంది, ఇల్లు వదిలి బయటికి రమ్మని నేల చెబుతోంది. లోగిట్లో దుప్పట్లు కప్పుకుని ఒకరికొకరు దూరంగా నిలబడ్డారట. మంచు పడుతోంది. ఇటుక పొగగొట్టాలు కప్పుల్ని చీల్చుకుని లోపల పడ్డాయి. ఆమె వంటింటి గోడ మూల నుంచి మూలకు పగిలింది. అదే ఏడు డిసెంబర్ 29న పెత్రినియా దగ్గర ఇంకా పెద్దది వచ్చింది.

గోడ బాగుచేయించింది. పగులు ఎక్కడుండేదో వేలితో గీసి చూపించింది. గోడలు బాగయ్యాయి గానీ మనుషులు తిరిగి రాలేదు. ఎదుటి తలుపు ముసలాయన కొడుకు దగ్గరికి పోయాడు. పైవాటా అమ్మేశారు. పక్క వాటాలో ఇప్పుడు దినసరి అద్దెకు దిగే పర్యాటకులు. తలుపు మీద తాళంచెవి పెట్టే డబ్బా, దానికో నంబరు. ‘ఎవరో మెట్లెక్కుతుంటే ఇదివరకు చెప్పుల చప్పుడును బట్టి పేరు చెప్పేదాన్ని. ఇప్పుడు చక్రాల పెట్టెలు. ఒకటే చప్పుడు’ అంది. ఆ మాట బిడ్డ తెలుగులో చెబుతూ మధ్యలో ఆగిపోయింది. మేమూ అద్దెకు వచ్చినవాళ్లమే కదా. ఓనరమ్మకు అర్థమైంది. మీరు వంట చేస్తారు, వాసన కిందికి వస్తుంది, అది వేరు అంది. పోపు వాసన గురించి ఈ దేశంలో వచ్చిన మొదటి మెచ్చుకోలు.

వారసత్వ కట్టడాల మరమ్మతుకు కమిటీలున్నాయి, నిధులున్నాయి, లెక్కలున్నాయి. పై ఊళ్లో ఎన్ని పొయ్యిలు వెలుగుతున్నాయో లెక్కపెట్టే కమిటీ ఉండాలని నాకు బలంగా అనిపించింది. బట్టల తీగలు, బడికి పోయే పిల్లలు, పన్నెండింటి ఫిరంగికి గడియారం సరిచేసుకునేవాళ్లు. ఇవి తగ్గుతుంటే కప్పు పెంకులు ఎన్ని మార్చినా ఊరు నిలిచిందని నేను రాయలేను.

నవంబర్ 16, గురువారం

1242 నవంబర్ 16. హంగరీ, క్రొయేషియాల రాజు నాలుగో బేలా గ్రాదెత్స్‌కు బంగారు ముద్ర వేసిన పత్రం ఇచ్చిన రోజు. మంగోలుల దెబ్బకు రాజు సముద్రతీరం దాకా పారిపోయాడు. జాగ్రెబ్ ధ్వంసమైంది. వాళ్లు వెనక్కి మళ్లాక, గ్రాదెత్స్‌ను స్వేచ్ఛా నగరమని ప్రకటించాడు. మీ న్యాయాధికారిని మీరే ఎన్నుకోండి, మీ ఊరికి గోడలు మీరే కట్టుకోండి అన్నాడు. రాతి ద్వారమూ లోత్రష్చాక్ బురుజూ ఆ ఆజ్ఞ ఫలితాలే.

రెండేళ్ల తేడాలో, 1244లో, మన గణపతిదేవుడు మోటుపల్లిలో అభయ శాసనం వేయించాడు. తుపానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును ఇదివరకటి రాజులు లాగేసుకునేవాళ్లు, మేము అలా చేయం, నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోం అని సముద్ర వర్తకులకు ఇచ్చిన మాట అది. ఒకరి పేరు ఒకరికి తెలియని ఇద్దరు రాజులు, ఒకే కాలంలో, వర్తకం చేసుకునేవాళ్లను భయం లేకుండా ఉండండని పిలిచారు. క్లాసులో ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చెప్పే అవకాశం రాలేదు. ఇప్పుడు చెప్పాలని ఎంత ఉబలాటంగా ఉందో!

అయితే పిలిచిన రాజును తలుచుకుంటే చాలదు. అదే సెయింట్ మార్క్ గుడి ముందు 1573లో రైతుల తిరుగుబాటు నాయకుడు మతియా గుబెత్స్‌ను చంపారు. ఎర్రగా కాల్చిన ఇనుప కిరీటం తలకు తొడిగారని జనం చెప్పుకుంటారు. వత్రోస్లావ్ మిమిత్సా 1975లో ఆ తిరుగుబాటు మీద సినిమా తీశాడు. బురద, చలి, ఆకలి, ఏ రంగుల పెంకూ లేని మధ్యయుగం. కోటగోడ ఎవరిని కాపాడటానికి కట్టారు, ఎవరిని బయట పెట్టడానికి కట్టారు అని ఆ సినిమా చూశాక అడగక తప్పదు. మొన్న ఫలకాలు చూస్తూ నిలబడ్డ ద్వారం ఇవాళ దాటుతుంటే అటుపక్కవాళ్లు గుర్తొచ్చారు.

నవంబర్ 21, మంగళవారం

హన్మకొండ ఫిల్మ్ సొసైటీ మిత్రుడికి ఫోన్ చేశాను. వచ్చీ రాగానే గోలిక్ వేద్దాం అన్నాను. క్రొయేషియా అంటే వుకోతిచ్ బొమ్మల సినిమా ‘సురోగాత్’ వేద్దాం అన్నాడాయన. ఆస్కార్ వచ్చింది, అమెరికావాళ్లది కాని యానిమేషన్‌కు వచ్చిన మొదటి ఆస్కార్ అదే, జనం వస్తారు. నిజమే. అది కూడా వేద్దాం. కానీ గోలిక్ వేస్తేనే.

స్థలం నా మనసులో ఎప్పుడో ఖాయమైపోయింది. ఖిలా వరంగల్. గణపతిదేవుడు మొదలుపెట్టి రుద్రమ పూర్తిచేసిన రాతికోట లోపల ఇప్పటికీ జనం కాపురం ఉన్నారు. తోరణాలు చూడటానికి వచ్చేవాళ్లకు ఆ ఇళ్లు అడ్డంగా కనిపిస్తాయి. ఇక్కడి పై ఊరిని చూశాక నాకు ఆ ఇళ్లే కోటలో ముఖ్యమనిపిస్తోంది. బడి ఆవరణలో తెర కట్టొచ్చు. తోరణాల దగ్గరైతే పురావస్తు శాఖ అనుమతి కావాలి, దానికి ఆయన అప్పుడే పెద్ద నిట్టూర్పు విడిచాడు.

క్రమం ఇలా అనుకున్నాను. ముందు ‘ఓద్ 3 దో 22’. వెలుగు రానివ్వకుండా వెంటనే షఫ్రానెక్ సంసారం. మధ్యలో ఉపన్యాసం ఉండకూడదు. బొమ్మ అయిపోయాక ఆ ఇళ్లలోని ఆడవాళ్లను మాట్లాడమందాం, మనం వెనక కూర్చుందాం అంటే మిత్రుడు ఒప్పుకున్నాడు. సినిమాను ఈ మధ్య డిజిటల్‌గా బాగుచేశారు కనుక బొమ్మ బాగానే దొరుకుతుంది. హక్కుల కోసం ఎవరికి ఉత్తరం రాయాలో బిడ్డ కనుక్కుంటోంది.

ఇక తెలుగు అక్షరాలు. కింద పడే మాటలు నేను రాయాలి, అర్థం బిడ్డ చెప్పాలి, ఇంటి యాస దగ్గర తడబడితే ఓనరమ్మను అడగాలి. ఓనరమ్మ ఒకే ఒక షరతు పెట్టింది. పాటలు వస్తున్నప్పుడు తెర మీద అక్షరాలు వేయొద్దట, వినాలి తప్ప చదవకూడదట. ఆ ఒక్కటీ కుదరదన్నాను. మా జనం పాటలో ప్రతి మాటా పట్టుకుంటారు, అర్థం కాకపోతే పక్కవాణ్ని అడిగి గోల చేస్తారు. చాలాసేపు వాదించుకున్నాం. మధ్యలో ఆమె లేచి, ఆనా పాడే పాట ఒకటి తనే పాడింది, వంటింటి గుమ్మంలో నిలబడి, చేతిలో గరిటెతో. పాట అయ్యాక, సరే రాయండి, కానీ చిన్న అక్షరాలు అంది.

రేపు పొద్దున ఆ పాటతోనే మొదలుపెడుతున్నాం.